అమ్మ తీసెయ్యమన్న ఏడుపు

అమ్మ "తీసెయ్" అన్న దగ్గర్నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

అలిగి ముసుగుతన్ని పడుకుందేమో అనుకునేరు. పడుకోలేదు. వంటగది గుమ్మంలో పీట వేసుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటే ఆ కాళ్ళు దాటాలి. తెల్లారినప్పట్నుంచి ఆ సాహసం ఎవరూ చెయ్యలేదు.

ముందుగదిలో నిన్న గోడకు కట్టిన తెల్ల దుప్పటి అలాగే వేలాడుతోంది. కూతురు తన సినిమాను దాని మీదే వేసి ఇంటిల్లిపాదికీ చూపించింది. బయట ఆవిణ్ణి డైరెక్టర్ గారంటారు. పేపర్లవాళ్ళు "మొట్టమొదటి ఆదివాసీ దర్శకురాలు" అని రాస్తారు. ఆవిడ తర్వాత ఇంకెంతమంది వచ్చినా ఆ "మొట్టమొదటి" మాత్రం వదలరు. ఇంట్లో ఆవిడ పేరు పెద్దది. తమ్ముడు చిన్నోడు. చెవుల దగ్గర జుట్టు నెరుస్తున్నా చిన్నోడే.

సినిమా సగంలో ఉండగా అమ్మ లేచి నిలబడింది. ఆవిడ నీడ దుప్పటి మీద పడింది. "ఆ ముక్క తీసెయ్," అంది. ఎందుకని అడిగేలోపలే లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇంకో ఇంట్లో అయితే పెద్దావిడ ఏదో అంది లెమ్మని ఊరుకునేవాళ్ళు. ఈ ఇంట్లో కుదరదు. కుదరకుండా చేసింది ఈ కూతురే.

ఇరవై ఏళ్ళుగా ఎక్కిన ప్రతి వేదిక మీదా ఆవిడ ఒకటే మాట చెప్పింది. మా జనం మీద సినిమా తీసేవాళ్ళు దాన్ని ముందు మా జనానికే చూపించాలి. తెర మీద ఉన్న మనిషి "తీసెయ్" అంటే ఆ ముక్క తీసెయ్యాలి. ఎందుకని దబాయించకూడదు. దీనికి "చూపించి అడగడం" అని పేరు పెట్టింది. మొదట్లో అందరూ నవ్వారు. ఒక పెద్దమనిషి మైకులోనే, రేపు వాళ్ళ మేకల్ని కూడా అడిగి రమ్మంటారేమో అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు. ఎట్టకేలకు పోయిన ఏడాది సినిమావాళ్ళ సంఘం దాన్ని నియమంగా ఒప్పుకుంది.

ఇవాళ సాయంత్రం పెద్ద థియేటర్లో, ఆ సంఘం వాళ్ళందరి ముందు, ఆవిడ సినిమా మొదటి ఆట. మేకల పెద్దమనిషి కూడా వస్తున్నాడట. ముందు వరసలో సీటు కావాలని కబురు పెట్టాడట. నియమం పెట్టిన మనిషే ఎక్కడ తప్పుతుందా అని చూడ్డానికి అంతకంటే మంచి సీటు ఉండదు.

పోనీ ఆ ముక్క ఏ చెట్టో పుట్టో అయితే కత్తిరించి పారేసేది. సినిమాకు అదే గుండెకాయ.

ముప్పై అయిదేళ్ళ కిందట ఒక సినిమా కంపెనీ ఏటి ఒడ్డునున్న వాళ్ళ పల్లెలోకి దిగింది. మొగుడి శవం మీద పడి ఏడ్చే అడవి ఆడదాని వేషం అమ్మకు ఇచ్చారు. ఎన్నిసార్లు తీసినా ఏడుపు రాలేదన్నారు. అప్పుడు ఒక అసిస్టెంటు పరిగెత్తుకుంటూ వచ్చి, పల్లె భాషలో నేర్చుకున్న నాలుగు ముక్కల్లో, నీ చిన్న పిల్లాడు ఏట్లో కొట్టుకుపోయాడని అరిచాడు. అమ్మ కుప్పకూలి ఏడ్చింది. కెమెరా దాన్ని పట్టేసుకుంది. పిల్లాడికి ఏమీ కాలేదు, అసలు ఏటివైపే వెళ్ళలేదు. ఆ ఏడుపు మాత్రం దేశదేశాలు తిరిగింది. సినిమా పాఠాలు చెప్పేచోట ఇప్పటికీ దాన్ని వేసి చూపిస్తారు.

అప్పుడు పెద్దదానికి ఎనిమిదేళ్ళు. పక్కనే నిలబడి చూసింది. కెమెరా నా చేతిలో ఉండాలని ఆ రోజే అనుకున్నానని వేదికల మీద చెబుతుంది. చెప్పినప్పుడల్లా గొంతు వణుకుతుంది. అది దొంగ వణుకు కాదు. ఇన్నాళ్ళకు, ఆ కంపెనీ మూలపడేసిన రీళ్ళలో ఆ షాటు కత్తిరించకుండా మొత్తం దొరికింది. అసిస్టెంటు అబద్ధం వాడి గొంతుతోనే వినిపిస్తుంది అందులో. దాన్ని తీసుకొచ్చి తన సినిమా నడిమధ్యన పెట్టి, పైన తన గొంతుతో రెండు మాటలు చెప్పింది. "మా అమ్మకు నటించడం తెలియదు. అందుకే ఆమె కడుపుకోతను దోచుకున్నారు."

అమ్మ లేచింది సరిగ్గా అక్కడే.

"నీకేమైనా చెప్పిందా?" అని తమ్ముణ్ణి అడిగింది దర్శకురాలు.

"నాకెందుకు చెప్తుంది? నేనేమన్నా అవార్డులు తెచ్చానా?" అన్నాడు చిన్నోడు.

వాడి మంట నిన్నటిది కాదు. ఒకప్పుడు వాడు సినిమాల్లో వేషాలు వేసేవాడు. ఒళ్ళంతా మసి పూసుకుని, ఈటె పట్టుకుని, అర్థం లేని కూతలు కూస్తూ పరిగెత్తి హీరో చేతిలో చచ్చే వేషాలు. ఇదా మమ్మల్ని చూపించే తీరు అని అక్క ఊరేగింపులు తీసింది, షూటింగుల ముందు బైఠాయించింది, గెలిచింది. ఆ వేషాలు ఆగిపోయాయి. వాటి బదులు మనిషిలాంటి వేషాలు రావాలి కదా, అవి రాలేదు. వీళ్ళతో మనకెందుకొచ్చిన తలనొప్పి అని కంపెనీలు ఆ మనుషుల్నే కథల్లోంచి ఎత్తేశాయి. ఇప్పుడు చిన్నోడు అదే స్టూడియోలో లైట్లు వ్యాన్‌కి ఎక్కించి దించుతున్నాడు. లోపల షూటింగ్ జరుగుతుంటే బయట వ్యాన్ దగ్గర కూర్చుంటాడు.

ఇలాంటి వేళ పాత లెక్కలన్నీ పైకి రాక మానవు. అక్క తనవల్ల జరిగిన మంచి చెప్పింది. తమ్ముడు తనకు జరిగిన చెడు చెప్పాడు. నీ సినిమాలో తండ్రి వేషం నాకెందుకు ఇవ్వలేదని అడిగాడు. దానికి అనుభవం ఉన్నవాళ్ళు కావాలని అక్క అంది. ఆ మాట అన్నాక నాలుక కరుచుకుందిగానీ, అప్పటికే ఆలస్యమైంది.

"నాకు అనుభవం లేదా?"

"మసి పూసుకుని అరవడం నటన కాదురా."

చిన్నోడు గోడకు కొట్టిన మేకును వేలితో కదుపుతూ నిలబడ్డాడు.

"చచ్చిన ప్రతిసారీ నేను వేరేగా చచ్చాను," అన్నాడు. "ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి నవ్వుతూ. ఒకడు చస్తూ చస్తూ తన ఈటె ఎక్కడ పడిందా అని వెతుక్కుంటాడు. అవి నేను ఆలోచించుకుని చేసినవి. నువ్వు మసి ఒక్కటే చూశావు."

కిటికీ పక్కన కోడలు, అంటే చిన్నోడి పెళ్ళాం, కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నాటకాలవాళ్ళ దుస్తులు బిగుతు చేయడం, వదులు చేయడం ఆవిడ పని. మాట పెగలకపోతే మిషను తొక్కడం ఆవిడ అలవాటు. ఇప్పుడు సూది కింద గుడ్డ లేకుండానే తొక్కింది.

గుమ్మంలో అమ్మ మాత్రం కదల్లేదు. ఇదే ఇంకో రోజైతే ఈపాటికి ఎవరి గొంతో అనుకరించి ఇద్దర్నీ నవ్వించేది. అది ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. కింది ఇంటి పంతులమ్మ గొంతుతో "నీళ్ళు ఆగిపోయాయి, మోటరు వెయ్యండి" అని పిలిచి, కోడల్ని మెట్లన్నీ దింపేసి, పైనుంచి చూసి నవ్వుతుంది. కోడలు ప్రతిసారీ మోసపోతుంది. ముసలావిడ సరదాలే అని ఇంట్లో అందరూ నవ్వి మర్చిపోతారు.

ఇంతలో ఫోను మోగింది. ఎడిటరు. థియేటరు పై గదిలో సినిమా పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నంలోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు. ఆ ముక్క తీస్తే ముందు సగానికీ వెనక సగానికీ లంకె తెగిపోతుందన్నాడు. పోనీ ముఖం మసగ్గా చేద్దామా అన్నాడు, బొమ్మ తీసేసి శబ్దం ఉంచుదామా అన్నాడు. మంచివాడే పాపం. కొంప మునిగేటప్పుడు మంచివాళ్ళకు వచ్చే ఆలోచనలే వాడికీ వచ్చాయి.

దర్శకురాలు కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"ఈ ఒక్క ఆటకీ ఉంచుదాం. రేపట్నుంచి తీసేద్దాం."

గొంతు తగ్గించినంత మాత్రాన ఆ ఇంట్లో మాటలు దాగవు. చిన్నోడు తన ఫోను తీసి, కుట్టుమిషను బల్ల మీదున్న గాజు గ్లాసుకు ఆనించి నిలబెట్టాడు. ఎర్ర చుక్క వెలిగింది.

"ఇప్పుడు చెప్పు ఆ మాట. ఈ ఒక్కసారికి అన్నవాళ్ళనే కదా ఇరవై ఏళ్ళుగా కడిగేస్తున్నావు. నువ్వు ఎలా అంటావో నీ ముందు వరసవాళ్ళు కూడా చూస్తారు."

"అది కట్టెయ్."

"ముక్క తీసెయ్యమంటున్నావా? అయితే ఎందుకని దబాయించకూడదుగా, ఆలోచిస్తాను."

చెయ్యి చేసుకునేదే. కోడలు మధ్యలోకి వచ్చింది. ముందు అత్తయ్యను అడుగు వదినా, మీరిద్దరూ కొట్టుకుని ఏం లాభం, అంది. దర్శకురాలు ఎడిటర్ని లైన్లోనే ఉండమంది. నీ చెవులతో నువ్వే విను, మళ్ళీ నేను చెప్పక్కర్లేదు అని ఫోనును స్పీకర్లో పెట్టి బల్ల మీద పడేసింది. తమ్ముడి ఫోను అక్కడే గ్లాసుకు ఆనుకుని ఉంది. దాన్ని ఇక పట్టించుకోలేదు.

వెళ్ళి అమ్మ ముందు నేల మీద కూర్చుంది.

బతిమాలింది. ఈ ముక్క నిన్ను చిన్నబుచ్చడానికి కాదమ్మా, వాళ్ళ నిర్వాకం బయటపెట్టడానికి, అంది. ఇది లేకపోతే నేను ఇన్నాళ్ళు చెప్పినదానికి సాక్ష్యం ఉండదు, అంది. నిన్ను ఏడిపించినవాళ్ళలాంటివాళ్ళే సాయంత్రం ముందు వరసలో కూర్చుని నవ్వుతారు, అది చూడగలవా, అని అడిగింది. చెప్తూ చెప్తూ తనే ఏడ్చింది.

అమ్మ అంతా విన్నది.

"ఆ అసిస్టెంటు అరిచినప్పుడు చిన్నోడు ఎక్కడున్నాడు?" అంది చివరికి.

"పిన్ని దగ్గర."

"పిన్ని ఎక్కడుంది?"

దర్శకురాలికి గుర్తు రాలేదు. ఆవిడ ఆ రోజు చూసింది అమ్మను మాత్రమే.

"కెమెరా బండి వెనకాల," అంది అమ్మ. "వీడు దాని చంకలో ఉన్నాడు. బండికి కట్టిన తాడు కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. నాకు ఎదురుగా కనిపిస్తున్నాడు."

మళ్ళీ మిషను ముందు కూర్చున్న కోడలి కాలు ఆగింది.

"మరి ఎందుకు ఏడ్చావు?"

"ఏడవమన్నారు కనక. ఆ పనికే పిలిచారు కనక."

అంతకుముందు ఎందుకు రాలేదో కూడా చెప్పింది. శవం వేసినవాడు ఊపిరి ఆపలేకపోయాడట. పొట్ట ఎగురుతుంటే వాడి మీద పడి ఏడవడానికి మనసొప్పలేదట. ఇంకొక్కసారి తియ్యండి, వాణ్ణి కాస్త పక్కకు తిప్పండి అని చెబుదామంటే వినేదెవరు? వీళ్ళకు నటన ఏం వస్తుంది, నిజంగా ఏడిపిద్దాం అని కంపెనీవాళ్ళు ఆవిడ ఎదుటే మాట్లాడుకున్నారు. వాళ్ళ భాష ఆవిడకు రాదనుకున్నారు. వాళ్ళ బజారులోనే కట్టెలు అమ్మిన మనిషికి ఆ భాష రాకుండా ఎలా ఉంటుందో వాళ్ళకు తట్టలేదు.

"అనుకోనీ అనుకున్నా. వాడు పరిగెత్తుకొచ్చి అబద్ధం మొత్తం చెప్పేదాకా ఆగా. మధ్యలోనే ఏడిస్తే కెమెరా అందుకునేలోపు అయిపోతుంది. అది నా వైపు తిరిగింది. అప్పుడు కూలబడ్డా."

బల్ల మీది ఫోనులోంచి ఎడిటరు మెల్లిగా అన్నాడు. "మేడమ్, ఆ ఆగడం ఉంది కదా. మనం షాక్ అనుకున్నది."

ఉంది. దర్శకురాలికి అది కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. అసిస్టెంటు మాట అయిపోయాక అమ్మ అలా నిలబడి ఉండిపోతుంది. చూపు కెమెరా పక్కనుంచి ఎటో వెళ్తుంది. తర్వాత మోకాళ్ళు వంగుతాయి. కడుపుకోత ముందు మనిషిని రాయిని చేస్తుందని ఆ చిన్న నిశ్శబ్దం మీద ఆవిడ ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చింది.

"అయితే నేను పోయాననుకుని నువ్వు ఏడవలేదా?" అన్నాడు చిన్నోడు. నవ్వుతూ అందామనుకున్నాడు, నవ్వు రాలేదు. ఆ ఏడుపు తన కోసమని వాడు చిన్నప్పట్నుంచీ గుండెల్లో దాచుకున్నాడు. దర్శకురాలి తమ్ముడిగా వాడికి దక్కింది అదొక్కటే.

"నువ్వు తాడు చప్పరిస్తుంటే ఎలా ఏడుస్తానురా?" అంది అమ్మ.

దర్శకురాలు లేచి నిలబడింది. ముఖం కందిపోయింది.

"సరే, నువ్వు కనిపెట్టావు. అంతమాత్రాన వాళ్ళు చేసింది తప్పు కాకుండా పోతుందా? కన్నబిడ్డ పోయాడని తల్లికి అబద్ధం చెప్పారు కదా."

"పోదు. వాళ్ళ తప్పు వాళ్ళదే. దాన్ని ఎంత పెద్ద తెర మీద వేస్తావో వెయ్. కానీ ఆ ఏడుపు నా పని. వాళ్ళ తప్పు చూపించడానికి నా పనిని కూడా వాళ్ళ ఖాతాలో వేశావు."

"ముప్పై అయిదేళ్ళు ఎందుకు చెప్పలేదు మరి?"

అమ్మ పాదం మీద ఎండిన మట్టిని గోటితో గీకింది.

ఆ సినిమా ఆడాక ఇంకో దర్శకుడు పల్లెకు వచ్చాడట. ఏడ్చిన మనిషి ఎవరు, నా సినిమాలో పెద్ద వేషం ఉంది అన్నాడట. వెంట వచ్చిన పాత కంపెనీ మనిషి నవ్వి, అది నటన కాదండీ, మేమే ఏడిపించాం అని గొప్పగా చెప్పాడట. వచ్చినాయన అట్నుంచి అటే బండెక్కి వెళ్ళిపోయాడు. అమ్మ ఏటి దగ్గర బట్టలు ఉతుకుతూ విన్నది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది ఆ రోజు.

"తర్వాత నువ్వు పెద్దదానివయ్యావు. మొదటిసారి మైకు పట్టుకుని నా ఏడుపు కథ చెప్పావు. జనం లేచి నిలబడ్డారు. నువ్వు ఏడ్చావు. అప్పుడు లేచి అది అబద్ధం అనమంటావా? నీ నోటి కాడ కూడు లాగమంటావా?" అంది. "నన్ను అందరూ కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువాలు కప్పారు, పాపం అన్నారు. బాగా చేశావమ్మా అన్నవాడు ఒక్కడు లేడు."

"నాకు చెప్పాల్సింది."

"చెప్పా. పోయినసారి నీ సినిమాలో ముసలిదాని వేషం ఉందని తెలిసి, నేను వెయ్యనా అని అడిగా. నువ్వు నవ్వావు. నీకెందుకమ్మా ఆ కష్టం, నువ్వు నీలాగే ఉండు చాలు, అన్నావు. నీ సినిమాలన్నిట్లోనూ నేను నాలాగే ఉన్నా. చెరిగా, దంచా, ఏటికి వెళ్ళా, వచ్చా."

ఆ మాట సూటిగా తగలాల్సిన చోటే తగిలింది. తగిలినవాళ్ళు ఒక్కొక్కసారి అన్యాయంగా మాట్లాడతారు. దర్శకురాలు అలాగే మాట్లాడింది.

"నేను నమ్మను. ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. నీ ఏడుపు విన్నాను. అది నటన కాదు. ఎవరో మోసం చేశారంటే నీకు నామోషీగా ఉంది, అందుకని ఇప్పుడు కూర్చుని అల్లి చెప్తున్నావు."

కోడలు కుండలోంచి ఇంకో గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇవ్వబోతూ మధ్యలోనే ఆగిపోయింది. కన్నతల్లిని ఎదురుగా అబద్ధాలకోరు అనడం ఆ ఇంట్లో ఇదే మొదలు.

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది. కోపంగా చూడలేదు. చాలాసేపు చూసింది. తర్వాత ఆవిడ చూపు కూతురి భుజం పక్కనుంచి, గోడకు వేలాడుతున్న దుప్పటి మీదికి వెళ్ళింది. అలా ఉండిపోయింది.

పీట మీంచి ముందుకు ఒరిగి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఏడ్చింది.

అది మామూలు ఏడుపు కాదు. గొంతులోంచి రాలేదు. ఎక్కడో కింద మొదలై, దారి దొరకనట్టు ఆగి, ఒక్కసారిగా బయటపడింది. కొడుకును పేరుతో పిలిచింది, ఇంట్లో ఎవరూ పిలవని అసలు పేరుతో. నేలను అరచేత్తో తడిమింది. కోడలి చేతిలో గ్లాసు జారి పగిలింది. చిన్నోడు తనకు తెలియకుండానే, అమ్మా నేనిక్కడే ఉన్నానే అంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. వాడు ఎదురుగా ఉన్నా ఆవిడకు కనబడనట్టే ఏడ్చింది.

ఎనిమిదేళ్ళ పిల్ల విన్న ఏడుపు అదే. ఒక్క పిసరు తేడా లేదు. దర్శకురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మెట్ల మీద పరుగులు వినిపించాయి. కింది ఇంటి పంతులమ్మ తలుపు బాదింది. ఎవరికేమైంది, డాక్టర్ని పిలవనా, అని బయటినుంచే అడుగుతోంది.

అమ్మ ఆగింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. పక్కనే ఉన్న కొడుకు తల మీద ఒక్కటి మొట్టింది.

"ఏమీ కాలేదని చెప్పిరా పంతులమ్మకి," అంది మామూలు గొంతుతో. కూతురి వైపు తిరిగింది. "చాలా? ఇంకో టేకు కావాలా?"

కోడలు వెళ్ళి పంతులమ్మకు ఏదో సర్దిచెప్పి పంపేసింది. అమ్మ గాజుపెంకులు తప్పించుకుంటూ లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి అగ్గిపుల్ల గీసింది. నిన్నట్నుంచి చల్లారి ఉన్న పొయ్యి వెలిగింది. గిన్నెలో నీళ్ళు పోసి పైన పెట్టింది.

"ఇప్పుడు ఏడ్చింది నిజమా, నటనా?" అని దర్శకురాలు అడిగింది.

"అది చూసినవాళ్ళు తేల్చుకోవాలి. చెప్పడం నా పని కాదు," అంది అమ్మ, ఇటు తిరగకుండానే.

అప్పుడు ఫోనులోంచి ఎడిటరు మాట్లాడాడు. ఇంతసేపూ వాడు అక్కడే ఉన్నాడని అందరూ మర్చిపోయారు. వాడి గొంతు కూడా తడిగా ఉంది.

"మేడమ్, అది రికార్డ్ అయిందా? అయితే పాతది తీసేసి ఇది పెడదాం. మధ్యాహ్నానికల్లా ఎక్కించేస్తాను. మేడమ్, ఇది అంతకంటే గొప్పగా ఉంది."

అందరి కళ్ళూ బల్ల మీదికి వెళ్ళాయి. చిన్నోడి ఫోను గ్లాసుకు ఆనుకుని వంటగది గుమ్మం వైపే చూస్తోంది. ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది. అక్క పరువు తీయడానికి వాడు పెట్టినది, అమ్మను మొదట్నుంచి చివరిదాకా పట్టేసింది.

దర్శకురాలి చెయ్యి దాని మీదికి వెళ్ళింది. ఆవిడ ఆలోచించి చాపలేదు. ఇరవై ఏళ్ళ పని అలవాటు ఆ చేతిని చాపింది. వేళ్ళు ఫోను అంచుకు తగిలాక, దాని మీద తమ్ముడి చెయ్యి పడింది.

"అడుగు ముందు," అన్నాడు చిన్నోడు. వాడి చెంపలు ఇంకా తడిగానే ఉన్నాయి.

అమ్మ అప్పటికే ఇటు తిరిగి ఉంది. ఆ చేతిని చూసింది. కూతురు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది, తీసుకోలేకపోయింది.

"ఆ రోజు వాళ్ళ కెమెరా కూడా ఇంత తొందరగానే తిరిగింది," అంది అమ్మ.

దర్శకురాలు ఏదో చెప్పబోయింది. అమ్మ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. పాతది తీసెయ్యమన్న మాట తీసెయ్యమన్న మాటే అంది. కొత్తది ఉంచాలో వద్దో ఇప్పుడు చెప్పనంది. తన మంచి బట్టలు ఇస్త్రీ చెయ్యమని కోడలికి పురమాయించింది.

"సాయంత్రం నేనూ వస్తా. ఆ మేకలాయన పక్కనే నాకూ ఒక సీటు వేయించు. సినిమా మొదలయ్యే ముందు నన్ను లేపి నిలబెడతావు కదా, ఎప్పుడూ చేసేదే. అప్పుడు మైకులో నన్ను ఎవరని చెప్తావో వింటా. విన్నాక చెప్తా, ఉంచాలో తియ్యాలో."

లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

బల్ల మీద ఎడిటరు, మేడమ్ ఉన్నారా, ఏం చెయ్యమంటారు, అని అడుగుతూనే ఉన్నాడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అక్క చెయ్యి మీద తమ్ముడి చెయ్యి ఇంకా అలాగే ఉంది, ఇద్దరి వేళ్ళ కిందా ఆ ఫోను రికార్డ్ చేస్తూనే ఉంది.